ఓడలో రోజూ గది శుభ్రం చేయించుకోవాలా, వద్దనాలా? అమ్మ ఒప్పుకోవడం లేదు

భద్రకాళి_గట్టు

అందరికీ నమస్తే. మా బాపుకు ఈ నెలలో అరవై నిండుతాయి. ఇంట్లో షష్టిపూర్తి అయ్యాక అమ్మను, బాపును సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు తీసుకెళ్తున్నాం. పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతాం. వాళ్లిద్దరికీ బాల్కనీ ఉన్న గది, నాకూ తమ్ముడికీ పక్కనే ఇంకో గది. టికెట్లు, వీసాలు అన్నీ అయిపోయాయి. ఆగిందల్లా ఒక్క విషయం దగ్గరే. మీకు చిన్నదిగా అనిపించవచ్చు. మా ఇంట్లో మాత్రం వారం రోజులుగా ఇదే మాట.

ఓడలో రోజూ ఒక మనిషి వచ్చి గది ఊడ్చి, పక్క సర్ది, బాత్రూం కడిగి వెళ్తాడట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి అమ్మ "వద్దని చెప్పు" అంటోంది. అమ్మ హనుమకొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఆరేళ్లు ఆయాగా చేసింది. దుప్పట్లు మార్చడం, బాత్రూంలు కడగడం, బెడ్‌పాన్లు ఎత్తడం అన్నీ ఆ చేతులతోనే. "నేను వాడిన బాత్రూం ఇంకొకరు కడుగుతుంటే నేను కుర్చీలో కూర్చొని సముద్రం చూడాల్నా? నాతోని కాదు బిడ్డా" అంది. ఆ మాట అన్నాక నాకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. వద్దంటే ఏమవుతుంది? ఆ పనివాళ్లకు మేలు చేసినట్టా, నష్టం చేసినట్టా? మనిషికి ఇంత అని టిప్పు ముందే కట్టించుకున్నారు. గది శుభ్రం వద్దన్నా ఆ డబ్బు వాళ్లకు చేరుతుందా?

కాజీపేట_జంక్షన్

అమ్మా, నేను రైల్వేలో రిటైర్ అయినవాణ్ణి. పోయినేడు మేమిద్దరం ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లే ఓడ ఎక్కాం. మాది కిటికీ లేని గది. నూట యాభై చదరపు అడుగులు ఉంటుందేమో. మంచం, బీరువా, బాత్రూం అన్నీ అందులోనే. మీ ఆంటీ కూడా మీ అమ్మలాగే "మనమే సర్దుకుందాం" అని తలుపుకు ఆ కార్డు తగిలించింది, లోపలికి రావద్దని. మొదటి రెండు రోజులు బాగానే గడిచింది.

అగత్తి దగ్గర చిన్న పడవల్లో దింపారు, నీళ్లలో ఆడి వచ్చాం. గదిలోకి రాగానే తడి టవళ్లు, ఇసుక, ఉప్పు వాసన. ఏసీ తప్ప గాలి వచ్చే దారి లేదు. చెత్తబుట్ట నిండి పండ్ల తొక్కలు కంపు కొడుతున్నాయి. అప్పుడు వెళ్లి ఆ అబ్బాయిని పిలిచాం. పాపం, నవ్వుకుంటూనే వచ్చాడు. కానీ అతనికి అది వేరే గదులకు వెళ్లాల్సిన సమయం. మేము మొహమాటంతో చేసిన పని అతనికి సాయంత్రం పూట అదనపు పని అయింది. అది నా మనసులో ఇప్పటికీ ఉంది.

ఇల్లయితే కిటికీలు తీస్తాం, పెరట్లో ఆరేస్తాం. ఓడ గదిలో ఆ వెసులుబాటు లేదు. పూర్తిగా వద్దనకండి.

మంచిర్యాల_బొగ్గుబాయి

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మాది సింగరేణి కుటుంబం. మా నాన్న ముప్పై ఏళ్లు బావిలో దిగాడు. పనికి జీతం యజమాని ఇవ్వాలి, దారిన పోయేవాడు కాదు. ఈ ఓడల్లో మనిషికి రోజుకు సుమారు 18 అమెరికన్ డాలర్లు టిప్పు పేరుతో వసూలు చేస్తారు. నలుగురికి నాలుగు రోజులు లెక్క వేసుకోండి, ఇరవై నాలుగు వేల రూపాయల పైమాటే. గది శుభ్రం చేయించుకోకపోతే ఆ డబ్బు ఎందుకివ్వాలి? చాలా ఓడల్లో కౌంటర్ దగ్గర అడిగితే తీసేస్తారు. అమ్మ వద్దంటోంది కాబట్టి శుభ్రం వద్దనండి, డబ్బూ వెనక్కి అడగండి. లేదా డబ్బు కట్టి, పని చేయించుకోండి. రెండింటి మధ్య ఊగకండి.

సిరిసిల్ల_మరమగ్గం

రోజూ టవల్ మార్చడం మాత్రం నాకూ నచ్చదు. బట్ట పని చేసేవాళ్లం, ఉతికిన కొద్దీ నూలు ఎలా చిక్కిపోతుందో మాకు తెలుసు. ఓడలో మంచినీళ్లు కూడా చాలావరకు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి తయారుచేసుకునేవే. మేము వెళ్లినప్పుడు కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడుకుంటామని, కింద వేస్తే మార్చమని గుర్తు. గది చేయించుకున్నాం, టవల్ మాత్రం రెండు రోజులకోసారి మార్పించుకున్నాం.

జగిత్యాల_నావ

చెల్లీ, నేను చెప్పాల్సింది కొంచెం ఎక్కువే ఉంది, ఓపిగ్గా చదువు.

ఆ గదులు కడిగినవాణ్ణి నేనే. మొదట దుబాయ్‌లో హోటల్ హౌస్‌కీపింగ్‌లో చేశాను. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. ఓడ ఎక్కింది మాత్రం నేనొక్కణ్ణే. ఓడ పనికి తప్పనిసరైన భద్రతా శిక్షణ, ఎస్‌టీసీడబ్ల్యూ కోర్సులు చేసి, ఓడ పనివాళ్లకు ఇచ్చే సీడీసీ పుస్తకం తీసుకొని 2017లో ఎక్కాను. కరోనాలో ఇంటికొచ్చాను. 2022లో మళ్లీ వెళ్లి రెండు కాంట్రాక్టులు చేసి మానేశాను. పని పేరు రూమ్ స్టీవార్డ్.

మొదట్లో ప్రతి గదికి రోజుకు రెండుసార్లు వెళ్లేవాళ్లం. పొద్దున పూర్తి శుభ్రం, రాత్రి భోజనాల వేళ పక్క సర్ది, ఐసు పెట్టి, టవల్‌తో ఏనుగో కోతో చేసి వచ్చేవాళ్లం. కరోనా తర్వాత చాలా కంపెనీలు మామూలు గదులకు రోజుకు ఒకసారే అన్నాయి, ఖరీదైన సూట్లకు తప్ప. పని సగం తగ్గిందని మీరు అనుకుంటారు. నా విషయంలో జరిగింది వేరు. అంతకుముందు 14 గదులు చూసేవాణ్ణి, తిరిగి వెళ్లాక 22 ఇచ్చారు. పూటలు తగ్గాయి, గదులు పెరిగాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తా. మీరు వద్దంటే ఆ రోజు నాకు ఇరవై నిమిషాలు మిగులుతాయి. అది అబద్ధం కాదు. జ్వరంగా ఉన్న రోజున ఒక గది తలుపుకు ఆ కార్డు కనబడితే లోపల దండం పెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. కానీ వరుసగా మూడు రోజులు మూసి ఉంచిన గది నాలుగో రోజు తెరిస్తే నలభై ఐదు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగో రోజే ఓడ రేవుకు చేరే రోజు. ఆ పూట పాతవాళ్లు దిగుతుంటారు, మధ్యాహ్నానికి కొత్తవాళ్లు ఎక్కుతుంటారు. ఆ నాలుగైదు గంటల్లో 22 గదుల్లో దుప్పట్లన్నీ విప్పి, బాత్రూంలన్నీ తోమి, కొత్తగా పరచాలి. మా భాషలో అది టర్న్ అరౌండ్ డే. ఆ రోజు అన్నం తినడానికి కూడా నిలబడేవాళ్లం, కూర్చుంటే మళ్లీ లేవలేమని. మిగతా రోజుల్లో ఎవరి గది రోజూ చేస్తూ వచ్చానో వాళ్ల గది ఆ పూట పావుగంటలో అయిపోయేది. మూసి ఉంచిన గదే నన్ను వెనక్కి లాగేది.

ఇంకో సంగతి. నీకు తెలియకుండానే నీ గది తలుపు లెక్కలో ఉంటుంది. ఎన్ని గదులు వద్దన్నాయో సూపర్‌వైజర్ టాబ్‌లో కొడతాడు. వద్దనేవాళ్లు ఎక్కువైతే మనుషులు తక్కువ సరిపోతారని పైవాళ్లు అనుకుంటారు. నేను చూసింది అదే.

అమ్మకు నా తరఫున ఇంకో మాట చెప్పు. ఆమె బాత్రూం తళతళా కడిగి పెట్టినా నేను మళ్లీ కడగాలి. మందు కొట్టి, కొంతసేపు ఆగి, తుడిచి, తర్వాత సూపర్‌వైజర్ చూసి టిక్ పెట్టాలి. అతిథి కడిగారు కాబట్టి వదిలేశాను అంటే ఒప్పుకోరు. అమ్మ నడుం వంగుతుంది, నా పని అంతే ఉంటుంది.

సుబేదారి_సిస్టర్

నేను స్టాఫ్ నర్సును. ఆ అన్న చెప్పిన "మందు కొట్టి ఆగి తుడవాలి" అన్న మాట దగ్గర ఆగుతాను.

ఓడల్లో అందరూ భయపడేది నోరోవైరస్. వాంతులు, విరేచనాలు. చాలా కొద్ది వైరస్ ఒంట్లోకి పోయినా చాలు, జబ్బు వస్తుంది. తలుపు పిడి, కొళాయి, రిమోట్, ఫ్లష్ బటన్ లాంటి వాటిమీద రోజుల తరబడి ఉంటుంది. అక్కడక్కడా పెట్టే చేతి శానిటైజర్ దీనిమీద అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు. అమెరికా రేవులకు వెళ్లే ఓడల్లో ఒక ప్రయాణంలో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి ఈ లక్షణాలు వస్తే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ వివరాలు బయటపెడుతుంది. అంత పట్టింపుగా చూస్తారు. కాబట్టి రోజూ వచ్చి పిడులు తుడిచే మనిషిని విలాసం కింద లెక్కపెట్టొద్దు, చెల్లీ.

మీ అమ్మగారి లాంటివాళ్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్. ఆయమ్మలతో కలిసి పనిచేస్తాను, నాకు వాళ్ల మనసు తెలుసు. రాత్రి బాపుకు వాంతి అయిందనుకోండి, ఆమె ఎవరికీ చెప్పకుండా గది టవల్‌తో తుడిచి, ఉతికి, ఆరేస్తుంది. అలా చేయనివ్వకండి. వెంటనే మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేయాలి. అలాంటి గదిని వేరే బృందం వచ్చి క్లోరిన్ ద్రావణంతో శుభ్రం చేస్తుంది.

ఒకటి అడగాలి. బాపుకు షుగర్ ఉందా? ఇన్సులిన్ తీసుకుంటారా?

భద్రకాళి_గట్టు

సిస్టర్, అవును. ఉదయం, రాత్రి పెన్నుతో తీసుకుంటారు. ఇంట్లో సూదులు పాత నూనె డబ్బాలో వేస్తాం.

సుబేదారి_సిస్టర్

అందుకే అడిగాను. ఆ సూదులు ఓడ గదిలో చెత్తబుట్టలో వేయకూడదు, టిష్యూలో చుట్టి కూడా వేయకూడదు. స్టీవార్డ్ ఆ సంచిని చేత్తో ఎత్తుతాడు, గుచ్చుకుంటుంది. ఎక్కగానే సూదుల డబ్బా కావాలని స్టీవార్డ్‌ను గానీ మెడికల్ సెంటర్‌ను గానీ అడగండి. ఉచితంగానే ఇస్తారు. మొదటి గంటలోనే అడగండి.

తెరవని పెన్నులు చల్లగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గదిలోని చిన్న ఫ్రిజ్‌లు కొన్ని అంత చల్లగా ఉండవు, వాటిని నమ్ముకునే ముందు స్టీవార్డ్‌ను అడగండి. వాడుతున్న పెన్ను ఏసీ గదిలో బయటే ఉంచొచ్చు. విమానంలో మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి.

జగిత్యాల_నావ

సిస్టర్ చెప్పింది బంగారం లాంటి మాట. నాకొకసారి గుచ్చుకుంది. కుడిచేతి మధ్యవేలు. సంచి మూతి ముడి వేస్తుంటే సర్రున దిగింది. ఆ సూది ఎవరిదో తెలుసు, ఆయనకు ఏ జబ్బు ఉందో తెలియదు. రక్త పరీక్షలు, మళ్లీ మూడు నెలలకు పరీక్షలు. ఇంట్లో చెప్పలేదు. అప్పటికి మా పాపకు ఏడాది. ఫోన్‌లో చూస్తుంటే ఆ వేలు కనబడకుండా పట్టుకునేవాణ్ణి. ఏమీ కాలేదు, దేవుడి దయ.

కరీంనగర్_అమ్మమ్మ

నేను ఇలాంటి చోట రాయడం తక్కువ. కానీ ఇది రాయాలి.

మా కోడలు, కొడుకు నన్ను ఓడ ఎక్కించారు. కంపెనీ పేరు ఎందుకులే. నాకు ఎడమ చెవికి మిషన్ ఉంటుంది. రాత్రి తీసి టిష్యూ కాగితంలో చుట్టి మంచం పక్కన పెట్టే అలవాటు. తెల్లారి టిఫిన్‌కు వెళ్లి వచ్చేసరికి గది అద్దంలా ఉంది, మిషన్ లేదు. చెత్త అనుకొని తీసేశాడు ఆ పిల్లవాడు. కొడుకు కౌంటర్ దగ్గర గొంతు పెంచాడు. నాకేమో ఎవరేమంటున్నారో వినబడడం లేదు, ముఖాలు చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్లవాడి ముఖం తెల్లబడిపోయింది.

ఓడలో చెత్తను సముద్రంలో పడేయరట. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా వేయకూడదని ప్రపంచమంతటికీ ఒక చట్టం ఉందని కొడుకు చెప్పాడు. అందుకని కింద ఒక గదిలో సీసాలు, డబ్బాలు, కాగితం చేత్తో వేరుచేస్తారట. ఆ పిల్లవాడు తన డ్యూటీ అయ్యాక అక్కడికి వెళ్లి, మా వరుస గదుల సంచులన్నీ విప్పి వెతికాడు. సాయంత్రం ఏడింటికి తలుపు కొట్టాడు. చిన్న ప్లాస్టిక్ కవర్లో మిషన్. చేతులు సబ్బు వాసన. నేను రెండు చేతులూ పట్టుకున్నాను.

ఆ తర్వాత మా కొడుకు "ఇంకెవరినీ లోపలికి రానివ్వం" అన్నాడు. నేనొప్పుకోలేదు. తప్పు టిష్యూదే. మిగతా రోజులు కూడా రమ్మన్నాం. మిషన్‌కు ఒక డబ్బీ పెట్టుకున్నాం. కట్టుడు పళ్లు, చెవి మిషను, చిన్న చిన్న మాత్రలు కాగితంలో చుట్టి పెట్టొద్దు బిడ్డా. వద్దనడానికి అది కారణం కాకూడదు.

లక్నవరం_బోటు

అమ్మమ్మా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

అక్కా, కొన్ని పనికొచ్చేవి చెప్తాను. దీపం, అగరబత్తి గదిలో వెలిగించకూడదు. ఓడలో నిప్పు అంటే ప్రాణం మీదికి వస్తుంది. కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె ఇంటి నుంచి తీసుకెళ్తే చాలా ఓడల్లో ఎక్కేటప్పుడే తీసేసుకుంటారు. బాల్కనీలో బట్టలు ఆరేయొద్దు, గాలికి ఎగిరిపోతాయి. బాత్రూంలో గోడకు గుండ్రని బిళ్ల ఉంటే లాగి చూడండి, చాలా గదుల్లో దాన్నుంచి బట్టల తీగ వస్తుంది. టాయిలెట్ వ్యాక్యూమ్‌తో లాగేది, అందులో ఇచ్చిన కాగితం తప్ప ఇంకేమీ వేయకూడదు. బాపుకు జెట్ స్ప్రే ఉండదు, ఒక చిన్న మగ్గు తప్పకుండా పెట్టుకోండి.

మంచిర్యాల_బొగ్గుబాయి

జగిత్యాల అన్నా, మీ అనుభవం చదివాను. మూసిన గది ఎక్కువ పని అన్న సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. రమ్మనాలి, ఒప్పుకున్నాను. కానీ టిప్పు విషయంలో నా మాట నాదే. పన్నెండు గంటల పనికి జీతం కంపెనీ ఎందుకు పూర్తిగా ఇవ్వదు? మనం కడుతున్న కొద్దీ వాళ్లు జీతం తక్కువే ఉంచుతారు కదా. కార్మికుడికి మేలు కోరేవాడు ఆ పద్ధతిని నిలబెట్టొద్దు.

జగిత్యాల_నావ

అన్నా, మీతో నాకు పేచీ లేదు. జీతం యజమానే ఇవ్వాలి. సముద్రం మీద పనివాళ్లకు ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 2006 నాటిది, 2013లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే లెక్క తిప్పి చూడండి, మిగతాదంతా పని చేయించుకున్నా చట్టం లోపలే. వారానికి ఒక విశ్రాంతి దినం అనే మాట ఆ కాగితంలో ఉన్నా, నాకు మాత్రం అది దొరకలేదు. ఎనిమిది నెలలు ఒక్క రోజు ఆగకుండా చేశాను. నీటిమట్టానికి కింద ఒక గది, పైనొకడు కిందొకడు పడక. మీరు అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి, అడగండి, రాయండి, కంపెనీకి ఉత్తరం పెట్టండి.

కానీ ఆ కౌంటర్ దగ్గర మీరు టిప్పు తీసేయించిన రోజున కంపెనీకి పైసా నష్టం లేదు. ఆ డబ్బు నాకొక్కడికే కాదు, నాకు సాయం చేసే కుర్రాడికి, భోజనం వడ్డించేవాళ్లకు, మీకు కనబడని లాండ్రీ వాళ్లకు పంచేది. నెలాఖరున నా కాగితంలో అది తగ్గేది. మా అమ్మ ఆపరేషన్‌కు పంపాల్సిన నెలలో అలా తగ్గిందొకసారి. అప్పు చేసి పంపాను. యజమాని మీద కోపం ఆ పిల్లల చేతుల మీదుగా చూపించొద్దు. ఇదొక్కటే అడుగుతున్నా.

మంచిర్యాల_బొగ్గుబాయి

సరే అన్నా. తీసేయించను. ఉత్తరం మాత్రం రాస్తాను.

భద్రకాళి_గట్టు

రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. అమ్మమ్మగారి చెవి మిషన్ దగ్గర రెండోసారి చదవమంది. సూది గుచ్చుకున్న దగ్గర తన చేయి చూసుకుంది. తనకూ అలా అయిందట, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు. ఇన్నేళ్లూ మాకు చెప్పలేదు.

చివరికి ఒక మాట అడగమంది. "ఆ పిలగాడికి ఏ టైంకు వస్తే వీలయితదో అడుగు. మనం ఆ టైంకు బయటుంటం."

జగిత్యాల_నావ

చెల్లీ, ఐదేళ్లలో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మకు నా నమస్కారం చెప్పు.

మొదటి రోజే అతను తలుపు దగ్గరికి వచ్చి తన పేరు చెప్తాడు. అప్పుడే మాట్లాడుకోవాలి. మీరు టిఫిన్‌కు ఎప్పుడు వెళ్తారో చెప్పండి, రోజూ అదే వేళ పాటించండి. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే. మాకు అన్నిటికంటే కష్టం, తలుపు కొట్టి "పది నిమిషాలాగి రా" అనిపించుకుని అదే కారిడార్‌లో నాలుగుసార్లు తిరగడం. సూట్‌కేసులు మంచం కిందికి నెట్టండి, అక్కడ ఖాళీ ఉంటుంది. నేల ఖాళీగా ఉంటే వ్యాక్యూమ్ ఒక్క తిప్పులో అయిపోతుంది. మార్చాల్సిన టవళ్లు ఒకచోటే వేయండి. బీచ్ నుంచి వస్తే ఇసుక బయటే దులపండి. అంతకుమించి ఏమీ చేయొద్దు. అమ్మకు చేతులు ఊరుకోకపోతే పక్క మీది దుప్పటి సర్దుకోమను, అది మాకు అడ్డం కాదు.

దిగేముందు ఒక పని చేయండి. కౌంటర్ దగ్గర కామెంట్ కార్డు అడిగి అతని పేరు, గది నంబరు రాయండి. పదిమంది రాస్తే తర్వాతి కాంట్రాక్టు, ప్రమోషన్ మాట్లాడేటప్పుడు అది ముందు పెడతారు.

భద్రకాళి_గట్టు

మూడు వారాల తర్వాత రాస్తున్నా. నిన్ననే అమ్మ సకినాల పిండి పట్టించుకొచ్చింది, ఇల్లు మామూలు తీరుకు వచ్చింది. మీకు చెప్పకుండా ఉండలేను.

సూదుల డబ్బా అడగడం మర్చిపోయి రాత్రి అడిగాం. అప్పటికి డ్యూటీ మారిందట, డబ్బా తెల్లారే వచ్చింది. ఆ ఒక్క రాత్రి సూదిని బాపు మాత్రల ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాం. సిస్టర్ చెప్పినట్టు ఎక్కగానే అడగాల్సింది.

మా స్టీవార్డ్‌ది ఇండోనేషియా. అమ్మకు ఇంగ్లిష్ రాదు, అతనికి తెలుగు రాదు. నేను మధ్యలో నిలబడి టిఫిన్ వేళ ఎనిమిదింబావు అని ఖాయం చేశాను. మొదటి పొద్దున అమ్మ నాలుగింటికే లేచి పక్క సర్దేసింది. దుప్పటి మూలను ముందు పైకి ఎత్తి, త్రిభుజంలా మడిచి, కిందికి దించి పరుపు కిందికి తోస్తుంది. నర్సింగ్ హోమ్‌లో నేర్పింది, మా ఇంట్లో కూడా అన్ని పడకలూ అలాగే ఉంటాయి. మేము బయల్దేరేలోపే అతను ట్రాలీతో వచ్చాడు. పక్క చూసి ఆగాడు. వంగి ఆ మూల పట్టుకొని చూసి, అమ్మ వైపు తిరిగి "హాస్పిటల్?" అన్నాడు. ఆ ఒక్క మాట అమ్మకు అర్థమైంది. తలూపింది. అతను తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "మై మదర్" అన్నాడు. వాళ్లమ్మ కూడా అదే పనట.

ఆ రోజు అమ్మ బాత్రూం వైపు అడుగు వేస్తే చేయి అడ్డం పెట్టి నవ్వుతూ వద్దన్నాడు. అమ్మ కారిడార్‌లోకి వెళ్లి, లోపల పని అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. టిఫిన్‌కు రమ్మంటే రాలేదు. రెండో రోజు బాల్కనీలో నిలబడింది, అటు తిరిగి. మూడో రోజు ఫుకెట్‌లో పడవ కోసం పొద్దున్నే వెళ్లాల్సి వచ్చి పక్క సర్దడానికి కూడా వీలు కాలేదు. ఆ గాబరా పడవ ఎక్కేదాకా అమ్మ ముఖంలో ఉంది. సాయంత్రం వచ్చి తలుపు తీసి చూస్తే మంచం మీద టవల్ ఏనుగు, పైన బాపు కళ్లజోడు పెట్టి ఉంది. అమ్మ ఏనుగును చూడలేదు. మంచం చివరికి వెళ్లి దుప్పటి మూల ముట్టుకుంది. తను మడిచే తీరులోనే ఉంది.

జగిత్యాల_నావ

చెల్లీ, కార్డు రాశారా?

భద్రకాళి_గట్టు

రాశాం అన్నా. నేను ఇంగ్లిష్‌లో రాశాను, కింద అమ్మ తెలుగులో సంతకం పెట్టింది.